కొమ్ములున్న తల్లి



డిసెంబరు రాగానే మన ఊళ్లలో కూడా దుకాణాల ముందు దూది పరిచి, దాని మీద థర్మోకోల్ జింకల్ని నిలబెట్టడం మామూలైపోయింది. వాటి వెనక బండి, బండిలో ఎర్రకోటు తాత. ఆ జింకలకు కొమ్మలు వేసిన పెద్ద పెద్ద కొమ్ములుంటాయి. చూడగానే వాటిని మగవాటి కింద జమకట్టేస్తాం. మన అడవుల్లో దుప్పికైనా, కణితికైనా కొమ్ములుండేది మగదానికే కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ ఆ బండి లాగే జంతువు రెయిన్‌డీర్. దాని లెక్క వేరు. జింకల కుటుంబం మొత్తంలో ఆడవాటికి కూడా మామూలుగా కొమ్ములు వచ్చేది ఈ ఒక్క జాతిలోనే.

ఇంకో సంగతి ఉంది. జింక కొమ్ము ఆవు కొమ్ములా జీవితాంతం ఉండదు. ఏటేటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. మగ రెయిన్‌డీర్లు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆడవాటి కోసం కొమ్ములతో కుమ్ములాడుకుంటాయి. ఎద కాలం ముగిసి చలి ముదిరేసరికి వాటి కొమ్ములు రాలిపోతాయి. డిసెంబరు ఆఖరుకు పెద్ద పోతుల తలలు బోడిగా ఉంటాయి. ఆడవి మాత్రం చలికాలమంతా కొమ్ములతోనే తిరుగుతాయి. దానికి కారణం వాటి కడుపులో ఉన్న పిల్ల. శరదృతువులో కట్టిన చూలును మే నెలలో ఈనేదాకా మోయాలి. ఆ నెలల్లో నేల మీద పచ్చని పరక ఉండదు. మంచు కింద లైకెన్ అనే బూడిదరంగు మేత ఒక్కటే దిక్కు. ముందుకాళ్ల గిట్టలతో మంచును తవ్వి, గుంతలో తల పెట్టి దాన్ని తినాలి. అంత శ్రమపడి తవ్వుకున్న గుంత దగ్గరికి మరొకటి వస్తే కొమ్ము విసిరి తరిమేస్తుంది. బోడితల మగది ఒంట్లో ఎంత పెద్దదైనా పక్కకి తప్పుకోవలసిందే. ఈనిన తర్వాత ఆడదాని కొమ్ములూ రాలిపోతాయి.

అంటే ఏడాదిలో అన్నిటికన్నా పొడుగైన రాత్రి, సూర్యుడే కనిపించని ఆ ఉత్తరాదిన, మందలో కొమ్ములతో నిలబడి ఉండేది చూలుతో ఉన్న తల్లి. తరతరాలుగా దీన్ని కళ్లారా చూసిన మనుషులు ఆ తల్లికి దైవత్వం కట్టబెట్టారంటే ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. లేడితల్లికీ చలికాలపు పండుగలకూ ఉన్న సంబంధమే ఈ పూట మన విషయం. అందులో ఏది పాతది, ఏది ఈమధ్య అతికించింది అన్నది కూడా విడదీసి చూద్దాం. ఎందుకంటే ఈ విషయంలో అతుకులు చాలానే ఉన్నాయి.

పాశ్చాత్య దేశాల్లో కొన్నేళ్లుగా ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. క్రిస్మస్ తాతకన్నా ముందు ఒక క్రిస్మస్ తల్లి ఉండేదట. ఆ లేడితల్లి సూర్యుణ్ని కొమ్ముల మధ్య పెట్టుకుని పొడుగు రాత్రిని దాటించేదట. తర్వాత మగ దేవుళ్లు వచ్చారు, చర్చి వచ్చింది. తల్లిని పక్కకి తోసేసి, ఆమె జంతువుల్ని తీసుకొచ్చి తాత బండికి కట్టారట. కథ వినసొంపుగా ఉంది. చాలామంది ఆడవాళ్లు దీన్ని మనసుకు హత్తుకున్నారంటే అర్థం చేసుకోగలం. కానీ కాగితాలు తిరగేస్తే తాత బండికి రెయిన్‌డీర్లు వచ్చిన దారి మరోలా కనిపిస్తుంది.

1821లో న్యూయార్క్‌లో పిల్లల కోసం ఒక చిన్న బొమ్మల పుస్తకం అచ్చయింది. అందులో తాత బండికి ఒకే ఒక్క రెయిన్‌డీర్ ఉంటుంది. రెండేళ్లకు, 1823 డిసెంబరు 23న, ట్రాయ్ అనే ఊరి పత్రికలో పేరు లేకుండా ఒక గేయం వచ్చింది. దాంతో ఒకటి కాస్తా ఎనిమిదయ్యాయి. తర్వాత ఆ గేయం క్లెమెంట్ క్లార్క్ మూర్ పేరు మీద స్థిరపడింది. ఎర్రముక్కు రుడాల్ఫ్ అయితే 1939లో షికాగోలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు తన దగ్గరికొచ్చే పిల్లలకు పంచిన పుస్తకంలో పుట్టాడు. రాసింది ఆ కంపెనీ ఉద్యోగి రాబర్ట్ మే. అంతకుముందు డచ్చివాళ్ల సెయింట్ నికొలస్ ఎక్కి వచ్చేది తెల్ల గుర్రం. సరే, రెయిన్‌డీర్లు తిరిగే స్కాండినేవియా సంగతి చూద్దామా అంటే, అక్కడి క్రిస్మస్ జంతువు మేక! స్వీడన్‌లోని యేవ్లె పట్టణంలో 1966 నుంచి ఏటా బజారు మధ్య గడ్డితో పెద్ద మేకపోతును నిలబెడుతున్నారు. ఫిన్లాండ్‌లో క్రిస్మస్ తాతనే ఈనాటికీ క్రిస్మస్ మేక అన్న పేరుతో పిలుస్తారు. కాబట్టి తాత బండి జంతువులు అమెరికా అచ్చాఫీసుల మీదుగా వచ్చినవే.

అన్నట్టు, ఆ కథలో మరో చిక్కుంది. డిసెంబరులో కొమ్ములున్నాయి గనక తాత బండి లాగేవన్నీ ఆడవే అని సరదాగా అంటుంటారు. ఉత్తరాదిన బండికి చూలు జంతువును కట్టరు. బీజాలు కొట్టి మచ్చిక చేసిన మగదాన్ని కడతారు. బీజాలు కొట్టిన మగదాని కొమ్ములు కూడా చలికాలంలో చాలా కాలం రాలవు.

మరి లేడితల్లి ఉత్త కల్పనేనా? కాదు. ఆమె ఆనవాళ్లు నిజంగానే ఉన్నాయి. అయితే అన్నీ ఒకచోట లేవు, ఒకే మతానికి చెందినవీ కావు.

మొదట సామీల దగ్గరికి వెళ్దాం. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తర భాగాల్లోనూ, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ ఉండే ఆదివాసులు వీళ్లు. సొంత భాషలున్నాయి. వాళ్ల కొమ్ముల జంతువు కేవలం దేవుడి పటంలో ఉండేది కాదు. తిండి, బట్ట, బండి, దారం, సూది అన్నీ దాని నుంచే. సూర్యుణ్ని వాళ్లు బెయ్వి అంటారు. చాలా చోట్ల బెయ్వి ఆడదేవత. ఆమెకు ఒక కూతురు కూడా ఉంది. ఫిన్లాండ్ ఉత్తరపు కొసన ఉత్స్‌యోకి అనే ఊరుంది. అక్కడ నవంబరు ఆఖరులో మునిగిన సూర్యుడు దాదాపు యాభై రోజులు మళ్లీ కనపడడు. జనవరి మధ్యలో, ఇంచుమించు మన సంక్రాంతి రోజుల్లో, కొండ అంచున ఒక్క కాసేపు తొంగిచూస్తాడు. సూర్యుడు తిరిగొచ్చే ఆ రోజుల్లో సామీలు ద్వారబంధాలకు వెన్న పూసేవారట. చీకట్లో నీరసించిన సూర్యదేవత ఆ వెన్న తిని బలం పుంజుకోవాలని. మన ఇళ్లలో పండగపూట గడపకు పసుపు రాసే అమ్మమ్మలకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. బెయ్వికి తెల్లని జంతువును, అందులోనూ ఆడదాన్ని, బలి ఇచ్చేవారు. దాని మాంసపు ముక్కల్ని ఒక పుల్లకు గుచ్చి, ఆ పుల్లను గుండ్రంగా వంచి సూర్యుడిలా కట్టి సమర్పించేవారు. చీకటి నెలల్లో మతి చలించినవాళ్ల కోసం కూడా ఆమెకే మొక్కేవారు. ఉత్తర దేశాల డాక్టర్లు ఇవాళ చలికాలపు దిగులుకు వెలుతురు చికిత్స చేస్తున్నారు. ఆ మొక్కు ఊరికే పుట్టలేదన్నమాట.

ఇవన్నీ మనకు ఎలా తెలిశాయి? ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. 17, 18 శతాబ్దాల్లో సామీల మతాన్ని మాన్పించడానికి వెళ్లిన ఫాదరీలు రాసిపెట్టిన నివేదికలే మనకు ముఖ్యమైన ఆధారం. 1673లో వచ్చిన ‘లాపోనియా’ అనే ప్రసిద్ధ గ్రంథాన్ని యోహానెస్ షెఫెరస్ స్వీడన్‌లోని ఉప్సలాలో కూర్చుని ఇలాంటి నివేదికలతోనే కూర్చాడు. అవతలివాళ్ల మతం పొరపాటు అని ముందే తీర్మానించుకున్నవాడు రాసింది ఎంతవరకు నమ్మాలో మనకూ అనుభవమే. పైగా సామీలందరి మాటా ఒకటి కాదు. 19వ శతాబ్దంలో ఆండెర్స్ ఫ్యెల్నెర్ అనే సామీ పాస్టరు సేకరించిన కథాకావ్యంలో సూర్యుడు తండ్రి, సామీలు ఆయన కొడుకుల సంతానం. కాబట్టి ‘సామీల సూర్యదేవత’ అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు సగమే చెబుతున్నట్టు.

ఆడదేవతల బలం అసలు కనిపించేది సామీల ఇంట్లో. మాద్దెరాక్క అనే తల్లి, ఆమెకు ముగ్గురు కూతుళ్లు. వాళ్లలో సారాక్క పొయ్యి కింద ఉంటుంది. కాన్పు ఆమె చేతిలో పని. బిడ్డ పుట్టాక బాలింతా, తోడున్న ఆడవాళ్లూ కలిసి సారాక్క జావ తాగేవారు. ఫాదరీ బిడ్డకు బాప్తిస్మం ఇచ్చి వెళ్లిపోయాక, ఇంట్లో గుట్టుగా సారాక్క పేరు మీద మళ్లీ నీళ్లు పోసి మరో పేరు పెట్టేవారు. ఆ సంగతి తెలిసిన ఫాదరీలు రాసుకున్న రాతల్లో ఎంత కోపముందో! ఆ కోపం వల్లనే మనకీ కబురు అందింది.

బాలింత జావ అంటే ఇంకొకటి గుర్తొస్తోంది. 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో క్రైస్తవ పెద్దల మహాసభ ఒకటి జరిగింది. క్రీస్తు పుట్టిన పండుగ మర్నాడు కొందరు మేరీమాత పురిటి పేరు చెప్పి మేలైన గోధుమపిండితో వండి ఒకరికొకరు పంచుకుంటున్నారని, అది మానెయ్యాలని ఆ సభ శాసించింది. అంటే క్రిస్మస్ మర్నాడు బాలింతకు వండిపెట్టే ఆనవాయితీ 1,300 ఏళ్ల కిందట ఉండేదని చర్చి నిషేధమే సాక్ష్యం చెబుతోంది. రష్యాలో కూడా రొజనిత్సి అనే కాన్పు దేవతలకు రొట్టె, జున్ను, తేనె పెట్టేవాళ్లను తిడుతూ పాత మతబోధలున్నాయి. సోవియట్ పురావస్తు శాస్త్రవేత్త బొరీస్ రిబకోవ్ 1981లో ఒక పెద్ద పుస్తకం రాసి, ఈ రొజనిత్సి మొదట్లో మూస్ (జింకల్లోకెల్లా పెద్దది), రెయిన్‌డీర్ రూపంలో ఉన్న తల్లీకూతుళ్లని వాదించాడు. దానికి ఆయన చూపిన ఆధారాల్లో ఉత్తర రష్యా పల్లెటూరి ఆడవాళ్లు తువ్వాళ్ల మీద కుట్టిన ఎర్రదారం బొమ్మలున్నాయి. మధ్యలో చేతులెత్తిన స్త్రీ, అటూఇటూ జంతువులు. కొన్నింటిలో ఆ స్త్రీ తల మీదే కొమ్ములు. రిబకోవ్ ఊహ మరీ దూరం పోయిందని తర్వాతి పండితులు చాలామంది పెదవి విరిచారు. నా మట్టుకు నేనూ ఆయన మొత్తం వాదాన్ని ఒప్పుకోలేను. కానీ ఆ తువ్వాళ్లు కల్పన కాదు, మ్యూజియాల్లో ఉన్నాయి.

అదే ఉత్తర రష్యాలో, వొలొగ్దా ప్రాంతంలో, ఊరి జాతర గురించి ఒక గాథ చెప్పుకుంటారు. పూర్వం పండుగనాడు అడవిలోంచి ఒక లేడి తన పిల్లను వెంటబెట్టుకుని తనంతట తానే గుడి దగ్గరికి వచ్చేదట. ఊరివాళ్లు పిల్లను కోసి, అందరికీ వండిపెట్టి, తల్లిని వదిలేసేవారు. మరుసటి ఏడు అది మళ్లీ పిల్లతో వచ్చేది. ఒక ఏడు ఊరివాళ్లకు ఆశ పుట్టింది. తల్లినీ పిల్లనూ కూడా కోసేశారు. ఆ తర్వాత లేడి మరి రాలేదు. అప్పటినుంచి పండుగకు ఊరు తన ఎద్దునే కోసుకునేదట. ఈ గాథ చెప్పే పండుగ ఎండాకాలానిదో, సెప్టెంబరుదో; చలికాలానిది కాదు. అయినా వేటగాళ్ల ధర్మం ఇందులో ఉన్నంత సూటిగా నాకు మరెక్కడా కనిపించలేదు. తల్లిని కొడితే వచ్చే ఏడు తిండి ఉండదు. దేవతను వేరే వెతుక్కోవాలా చెప్పండి?

ఇంకా తూర్పుకు పోతే సైబీరియా. 1993లో నతాల్యా పొలోస్మాక్ అనే పురావస్తు శాస్త్రవేత్త అల్తాయ్ కొండల్లో, ఉకోక్ పీఠభూమి మీద, మంచుగడ్డలో చెక్కుచెదరకుండా ఉన్న ఒక యువతి సమాధిని తవ్వి తీసింది. ఆ యువతి చనిపోయి దాదాపు 2,500 ఏళ్లు. ఆమె భుజం మీద పచ్చబొట్టు ఇంకా స్పష్టంగా ఉంది. జింకలాంటి జంతువు, దాని కొమ్ములు వెనక్కి పాకి, కొసల్లో పక్షి తలలుగా విచ్చుకున్నాయి. అదే కాలపు సమాధుల్లో గుర్రాలకు కూడా తోలుతోనూ ఉన్నితోనూ చేసిన జింక కొమ్ముల ముసుగులు తొడిగి పూడ్చారు. మంగోలియాలో ఇంకా పాతవి, 3,000 ఏళ్ల నాటివి, జింకరాళ్లు నిలబడి ఉన్నాయి. నిలువెత్తు రాళ్ల మీద, ఒకదాని మీద ఒకటిగా ఆకాశంలోకి ఎగిరిపోతున్నట్టు చెక్కిన జింకలు. 2023లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ జింక వెనక ఉన్నది మొదట్లో ఒక తల్లిదేవత అని అమెరికన్ పండితురాలు ఎస్తర్ జేకబ్సన్ 1993లో ఒక గ్రంథమే రాశారు.

సైబీరియాలోనే ఉండే ఎవెంకీలు అనేవాళ్లు ఆకాశంలో తిరిగే మూస్ కథ చెబుతారు. అది కొండెక్కి సూర్యుణ్ని కొమ్ముల మీద ఎగరేసుకు పోతుంది. లోకం చీకటవుతుంది. మాంగి అనే వేటగాడు మంచు మీద జారే స్కీలు తొడుక్కుని తరిమి, బాణం వేసి, సూర్యుణ్ని తిరిగి తెస్తాడు. మనం సప్తర్షులు అనుకునే నక్షత్రాల్లో వాళ్లకు ఆ మూస్ కనిపిస్తుంది. పాలపుంత ఆ వేటగాడి స్కీల జాడ.

ఈ ఆకాశపు వేట మనకూ ఉంది. ఐతరేయ బ్రాహ్మణంలో ప్రజాపతి మృగరూపం ధరిస్తాడు, రుద్రాంశ ఉన్న వేటగాడు బాణం వేస్తాడు, అదంతా నక్షత్రాలై నిలుస్తుంది. మృగశిర అక్కడిదే. వేటగాడు మృగవ్యాధుడు. మూడు చుక్కల బాణం ఈనాటికీ జింక ఒంట్లోనే ఉంది. మార్గశిర పౌర్ణమినాడు చంద్రుడు ఈ మృగశిర దగ్గరే ఉంటాడు. చలి రాత్రుల్లో తూర్పున లేచే ఆ మూడు చుక్కల్ని మన పల్లెల్లో చూడనివాళ్లుండరు. ఎవెంకీల కథా, మన కథా ఒకే మూలంలోంచి వచ్చాయని నేననడం లేదు. చలికాలపు ఆకాశంలో వేటాడబడే జింకను రెండు చోట్లా చూశారన్నంతవరకే.

ఇక యూరప్‌కు తిరిగి వద్దాం. చలికాలపు పండుగకూ జింకకూ నేరుగా ముడి ఉందనడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గట్టి రుజువు ఒకటి ఇక్కడుంది. అది దేవత బొమ్మ కాదు, బిషప్పుల తిట్లు. రోమన్ సామ్రాజ్యపు పశ్చిమ భాగంలో జనవరి ఒకటో తారీఖున మగవాళ్లు జింక తల, తోలు కప్పుకుని వీధుల్లో గంతులేసేవారు. నాలుగో శతాబ్దంలో బార్సిలోనా బిషప్పు పాసియన్ దీన్ని ఖండిస్తూ ఏకంగా ఒక చిన్న పుస్తకం రాశాడు. పుస్తకం ఇప్పుడు దొరకదు గానీ, ఆయన మరోచోట వాపోయిన మాట మిగిలింది. తాను అంత వివరంగా తిట్టకపోతే తన ఊరివాళ్లకు జింక వేషం ఎలా వెయ్యాలో తెలిసేదే కాదేమో అని! పాపం పెద్దాయన. ఆరో శతాబ్దంలో ఫ్రాన్సులోని ఆర్ల్ బిషప్పు సెజేరియస్‌దీ అదే తిట్టు. అదే శతాబ్దం చివర్లో అక్కడి ఓసేర్‌లో జరిగిన చర్చి సభ చేసిన కట్టుబాట్లలో మొట్టమొదటిది జనవరి మొదటి రోజు జింక వేషం వెయ్యరాదని. ఇంగ్లండులో ప్రాయశ్చిత్తాల పట్టికలో దీనికి మూడేళ్ల శిక్ష. రెండు మూడు వందల ఏళ్లు వరసబెట్టి నిషేధించారంటే జనం మానలేదనే కదా. రొమేనియాలోని మొల్దావియా పల్లెల్లో క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య జింక ముసుగు తొడుక్కుని ఇల్లిల్లూ తిరిగే ఆట ఈనాటికీ ఉంది.

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో అబట్స్ బ్రామ్లీ అని ఒక చిన్న ఊరు. అక్కడి కొమ్ముల నాట్యం సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఆరుగురు మనుషులు ఒక్కొక్కరు ఒక్కో జత కొమ్ములు భుజాన ఎత్తుకుంటారు. అన్నిటికన్నా పెద్ద జత బరువు 11 కిలోలకు పైమాటే. వాళ్ల వెంట విల్లు పట్టుకున్న కుర్రాడు, చెక్కగుర్రం, విదూషకుడు, ఆడవేషం వేసిన ఒక మగవాడు, వాయిద్యాల వాళ్లు. పొద్దున చర్చిలోంచి కొమ్ములు బయటికి తీసి, పొలాల మధ్య నుంచి ఇల్లిల్లూ ఆడుకుంటూ తిరిగి, సాయంత్రానికి మళ్లీ చర్చిలో గోడకు తగిలిస్తారు. ఇప్పుడు ఇది సెప్టెంబరులో జరుగుతోంది. 1686లో రాబర్ట్ ప్లాట్ అనే పండితుడు రాసినదాన్నిబట్టి, మునుపు క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో ఆడేవారు. వసూలైన డబ్బుతో చర్చి మరమ్మతు చేయించి, ఊళ్లోని బీదల్ని పోషించేవారు. అసలు వింత ఆ కొమ్ములే. అవి ఇంగ్లండులో దొరికే జింకవి కాదు, రెయిన్‌డీర్‌వి. 1976లో కార్బన్ పరీక్ష చేస్తే 11వ శతాబ్దానివని తేలింది. అప్పటికి ఇంగ్లండులో అడవి రెయిన్‌డీర్లు లేవు. అంటే ఎవరో స్కాండినేవియా నుంచి సముద్రం దాటించి తెచ్చారన్నమాట. ఆ కొమ్ములు భద్రంగా ఉండే ఆ చర్చి పేరు సెయింట్ నికొలస్ చర్చి. ఇందులో ఎవరి కుట్రా లేదు, కాకతాళీయమే. కానీ కథలల్లేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

స్కాట్లండ్ కొండల్లో కాల్యఖ్ అనే ముసలమ్మ చలికాలానికి అధిపతి. జింకలు ఆమె పశువులు. వాటి పాలు పితుకుతుంది. ఆమె కనికరిస్తేనే వేటగాడికి వేట. 1932లో జె. జి. మెకే అనే ఆయన స్కాటిష్ కథలన్నీ పోగుచేసి, అక్కడ ఒకప్పుడు జింకదేవతను ఆడవాళ్లే కొలిచేవారని ఒక వ్యాసం రాశాడు. ఇవాళ ప్రచారంలో ఉన్న లేడితల్లి కథకు మూలపురుషుల్లో ఆయన ఒకడు. కథల్ని బట్టి చరిత్ర కట్టడంలో ఉండే ప్రమాదం ఆయన వ్యాసానికీ ఉంది.

ఇన్ని చెప్పుకున్నాం గదా, మరి క్రిస్మస్ మొత్తం పాత మతాల నుంచి ఎత్తుకొచ్చిందేనా అని మీరు అడగవచ్చు. అంత సులువుగా అనలేం. డిసెంబరు 25న క్రీస్తు జననమని రోములో రాసిన తొలి పట్టిక 336 నాటిది. రోమన్ చక్రవర్తి ఆరీలియన్ అజేయ సూర్యుడికి గుడి కట్టించింది 274లో. ఎవరు ఎవరి తారీఖు తీసుకున్నారన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్న విషయమే. సూర్యుడు వెనక్కి మళ్లే రోజులు ఎవరి సొంతమూ కావు. మన సంక్రాంతినే చూడండి. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. సుమారు 1,700 ఏళ్ల కిందట మకర సంక్రమణం కూడా అప్పుడే వచ్చేది. నక్షత్రాల లెక్కను పట్టుకున్నాం గనక పండుగ జరుగుతూ జరుగుతూ జనవరి 14, 15కు చేరింది. అంతమాత్రాన మన ముగ్గులకూ గొబ్బెమ్మలకూ విలువ తగ్గిందా? పండుగకు ఒకే వేరు ఉండాలన్న పట్టుదలే నాకు నచ్చని సంగతి.

లేడితల్లి కథ చెప్పేవాళ్లు చర్చి ఆమెను తరిమేసిందంటారు. ఆ మాట ఊహ అవసరం లేకుండా, కోర్టు రికార్డులతో సహా నిజమైన చోటు ఒకటుంది. సామీ పూజారుల దగ్గర రెయిన్‌డీర్ తోలు బిగించిన డోళ్లుండేవి. ఆల్డర్ చెట్టు బెరడు రసంతో ఆ తోలు మీద సూర్యుడు, దేవతలు, జంతువులు, గుడారాలు బొమ్మలుగా గీసేవారు. చర్మం మీద ఒక లోహపు ఉంగరాన్ని పెట్టి, కొమ్ముతో చేసిన సుత్తితో వాయిస్తే, ఉంగరం ఏ బొమ్మ దగ్గరికి జరిగితే అది సమాధానం. నార్వేలో ఆండెర్స్ పోల్సెన్ అనే వృద్ధుడి దగ్గర 1691లో అలాంటి డోలును లాక్కున్నారు. 1692 ఫిబ్రవరిలో వాద్సోలో విచారణ జరిగింది. ఆయన న్యాయమూర్తుల ముందు డోలు వాయించి చూపించాడు. ఒక్కొక్క బొమ్మ ఏమిటో విడమరిచి చెప్పాడు. సామీ డోలు గురించి దాని యజమాని నోటి నుంచే వచ్చిన అరుదైన వివరణ అది. తీర్పు వచ్చేలోపే, నిద్రలో ఉండగా, మతిస్థిమితం లేని ఒకడు ఆయన్ని గొడ్డలితో చంపేశాడు. మరుసటి ఏడు, 1693లో, స్వీడన్‌లో లార్స్ నీల్సన్ అనే సామీకి మరణశిక్ష అమలు చేశారు. బావిలో పడ్డ మనవణ్ని బతికించమని డోలు వాయించి తన దేవుళ్లను వేడుకోవడం ఆయన చేసిన నేరం. ఆయన్నీ, ఆయన చెక్కదేవుళ్లనూ కలిపి కాల్చారు. ఈనాడు మిగిలిన పాత డోళ్లు లోకం మొత్తంలో ఓ 70 పైచిలుకు. తక్కినవి ఎక్కువభాగం మంటల్లో పోయాయి.

పోల్సెన్ డోలు కోపెన్‌హాగెన్ రాజుగారి సేకరణలోకి చేరింది. సామీలు ఎన్నో ఏళ్లు అడగ్గా అడగ్గా, 2022లో డెన్మార్క్ దాన్ని సామీలకే సొంతంగా ఇచ్చేసింది. ఇప్పుడది నార్వేలోని కారాస్‌యోక్ సామీ మ్యూజియంలో ఉంది. దానికి సరిగ్గా ముందు ఏడు, ఫిన్లాండ్ జాతీయ మ్యూజియం కూడా రెండు వేలకు పైగా వస్తువుల్ని ఈనారీ ఊళ్లోని సీడా మ్యూజియానికి తిరిగి అప్పగించింది.

ఇది వింటున్నవాళ్లలో పిల్లలు స్వీడన్‌లోనో, ఫిన్లాండ్‌లోనో ఉద్యోగం చేస్తున్న తల్లిదండ్రులు ఉండొచ్చు. చలికాలంలో వెళితే వాళ్లు తప్పకుండా ఫిన్లాండ్‌లోని రొవానియెమీలో ఉన్న క్రిస్మస్ తాత గ్రామానికి తీసుకెళతారు. వెళ్లండి, పిల్లలు ముచ్చటపడతారు, ఆ ముచ్చటా కావలసిందే. అయితే అక్కడ సామీ దుస్తులు వేసుకుని ఫొటోలకు నిలబడే ప్రతివాళ్లూ సామీలే అనుకోకండి. ఆ దుస్తుల్ని ఇతరులు వేషంగా వాడుకోవడం మీద సామీలు చాలాకాలంగా అభ్యంతరం చెబుతున్నారు. ఫిన్లాండ్‌లోని సామీ పార్లమెంటు 2018లో పర్యాటకం మీద మార్గదర్శకాలే విడుదల చేసింది. రొవానియెమీ నుంచి ఉత్తరంగా 300 కిలోమీటర్ల పైచిలుకు వెళితే ఈనారీ వస్తుంది. బస్సులున్నాయి. ఒక పూట తీరిక చేసుకుని ఆ సీడా మ్యూజియం చూసి రండి. దారిలో రెయిన్‌డీర్ల మందను మేపుకునే సామీ కుటుంబం తారసపడితే పలకరించండి. మీకెన్ని రెయిన్‌డీర్లున్నాయని మాత్రం అడక్కండి. అది వాళ్ల ఆస్తి లెక్క అడగడమే, మర్యాద కాదు.